డబ్బులిస్తామన్నా వద్దనే దుకాణాలు: పాఠకుల ప్రశ్నలకు న్యాయవాది జవాబులు

కులాన్నో, మతాన్నో, ముఖం తీరునో చూసి గిరాకీని గడప దగ్గరే ఆపేసే దుకాణాలు, హోటళ్లు, లాడ్జిల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు, వారు ప్రస్తావించిన వ్యాపారాల పేర్లు తొలగించాం.

ప్రశ్న: మాది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక పల్లె. మా ఊళ్లో ఒక్కటే కటింగ్ షాపు ఉంది. మా వాడవాళ్లం వెళితే మిషను పాడైందనో, కరెంటు లేదనో, వేరేవాళ్లకు మాట ఇచ్చాననో చెప్పి పంపేస్తాడు. మేమంతా మండల కేంద్రానికి పోయి కటింగ్ చేయించుకుంటున్నాం. ఊరి నడుమ ఉన్న హోటల్లో మిగతావాళ్లకు గాజు గ్లాసుల్లో చాయ్ పోసి, మాకు మాత్రం కాగితం కప్పుల్లో పోస్తారు. అడిగితే "కరోనా అప్పటినుంచి కప్పులు పెట్టినం, అందులో తప్పేముంది" అంటున్నారు. కటింగ్ షాపతను మనిషి మంచివాడే. "మీకు చేస్తే పెద్దలు నాకు మేర ఇయ్యరు, నా పిల్లలేం తినాలె" అని ఒకసారి మా నాన్నతో చెప్పుకొని బాధపడ్డాడు. అతని మీద కేసు పెట్టడం మాకు ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కప్పుల సంగతి చూద్దాం, ఎందుకంటే వాదించి తప్పించుకోవచ్చని హోటల్ యజమాని అనుకుంటున్నది అక్కడే. పాత రెండు గ్లాసుల పద్ధతిలో దళితుల గ్లాసులను గోడ గూట్లోనో చూరు కిందనో విడిగా ఉంచి, తాగినవాళ్లే కడిగి పెట్టాలనేవారు. అది కంటికి కనబడేది కాబట్టి అధికారులు వచ్చినప్పుడు దొరికిపోయేవారు. ఇప్పుడు కాగితం కప్పు వచ్చి ఆ పనిని శుభ్రత పేరు మీద చేసిపెడుతోంది. అయితే 1955 నాటి చట్టం అడిగేది గ్లాసు దేనితో చేశారని కాదు. ఆ ఏడాది అస్పృశ్యతా నేరాల చట్టంగా వచ్చి, 1976లో సవరణలతో పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారిన ఈ శాసనంలోని 4వ సెక్షన్, హోటల్లో అందరి వాడుకకు ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడాన్ని నేరంగా చెబుతుంది. 6వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది: మామూలు వ్యాపారంలో ఇతరులకు ఏ సమయంలో, ఏ చోట, ఏ షరతుల మీద సరుకు అమ్ముతున్నారో, సేవ చేస్తున్నారో, అదే సమయంలో, అదే చోట, అవే షరతుల మీద అంటరానితనం కారణంగా నిరాకరించడం నేరం. కాగితం కప్పు ఊరందరికీ ఇస్తే అది శుభ్రత అవుతుంది. ఒక వాడకు మాత్రమే ఇస్తే నేరమవుతుంది.

అది అంటరానితనం వల్లే జరిగిందని మేమెట్లా రుజువు చేస్తామని మీకు అనుమానం రావచ్చు. ఆ బరువును చట్టం మీ మీద పెట్టలేదు. ఈ చట్టం కింద నేరమయ్యే పని షెడ్యూల్డ్ కులానికి చెందిన వ్యక్తి విషయంలో జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలని 12వ సెక్షన్ చెబుతుంది. కాదని నిరూపించుకోవలసింది హోటల్ యజమానే. మిషను పాడైందని మీకు చెప్పిన పది నిమిషాలకు అదే కుర్చీలో మరొకరికి కటింగ్ జరిగిందని ఇద్దరు చెప్పగలిగితే, ఆ సాకు అక్కడితో తేలిపోతుంది. కాబట్టి ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు వెళ్లారు, ఏమని చెప్పి పంపారు, ఆ తర్వాత కుర్చీలో ఎవరు కూర్చున్నారు అన్నది ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. హోటల్లో పక్కపక్క బల్లల మీద గాజు గ్లాసూ కాగితం కప్పూ ఒకేసారి కనబడేటట్టు తీసిన ఫొటో వంద మాటల పెట్టు.

1955 చట్టం కింద పడే శిక్ష నెల నుంచి ఆరు నెలల వరకు జైలు, వంద నుంచి అయిదు వందల రూపాయల వరకు జరిమానా. ఇప్పటి లెక్కలో ఆ జరిమానా నవ్వు తెప్పించేదే కానీ, 8వ సెక్షన్ ప్రకారం ఆ వ్యాపారానికి ఉన్న లైసెన్సును రద్దు చేసే లేదా నిలిపివేసే అధికారం కోర్టుకు ఉందన్న సంగతి చాలామంది హోటల్ యజమానులకు తెలియదు. దీనికంటే బలమైనది 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, అంటే అందరూ అట్రాసిటీ చట్టం అనేది. 2015లో చేసి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ తర్వాత దుకాణంలోకి, ఆసుపత్రిలోకి, వినోద స్థలంలోకి ఎస్సీ, ఎస్టీలను రానివ్వకపోవడం, బహిరంగ స్థలాల్లో అందరికీ ఉద్దేశించిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం ఈ చట్టం కింద కూడా నేరాలయ్యాయి. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు ఉంటుంది. కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. నిందితుడికి బాధితుడితోనో వారి కుటుంబంతోనో వ్యక్తిగత పరిచయం ఉంటే, కులం తెలిసే చేశాడని కోర్టు భావిస్తుంది కనుక, ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవారు "వాళ్ల కులం నాకు తెలియదు" అనడానికి అవకాశం తక్కువ.

ఇక కటింగ్ షాపు అతని విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. మేర అంటే ఏడాదికి ఇంటికి ఇంత అని ఊరు ఇచ్చే గింజలు. ఆ గింజలు ఆపుతామని బెదిరించినవాళ్లు గడప దాటకుండా పని జరిపించుకుంటున్నారు, కేసు పెడితే నిలబడవలసింది మాత్రం కత్తెర పట్టినవాడు. చట్టం ఇక్కడ గుడ్డిదేమీ కాదు. 1955 చట్టంలోని 10వ సెక్షన్ ప్రేరేపించినవారికి కూడా అసలు నేరానికి ఉన్న శిక్షే వేస్తుంది. ఊరి జనం కూడబలుక్కొని నేరం చేయిస్తున్నారని, చేసినవాళ్లను దాస్తున్నారని ప్రభుత్వం భావిస్తే ఆ ఊరి మీద సామూహిక జరిమానా విధించే అధికారం కూడా 10ఏ సెక్షన్ ఇచ్చింది. కాబట్టి ఫిర్యాదులో షాపతని పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. మేర ఆపుతామని ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో రాయండి. అతను సాక్షిగా నిలబడతాడా లేదా అన్నది అతని ధైర్యాన్ని బట్టి, మీరు అతనికి ఇచ్చే భరోసాను బట్టి ఉంటుంది. మీ వాడ యువకులంతా అతని దగ్గరే కటింగ్ చేయించుకుంటే అతనికి చేతికొచ్చే నగదు ఎంతో ఒకసారి లెక్కవేసి అతని ముందు పెట్టండి. ఈ మాట చట్టంలో లేదు, నా సలహా మాత్రమే.

నేనైతే ముందు పౌర హక్కుల దినం నాడు మొదలుపెడతాను. ప్రతి నెలా 30వ తేదీన ఏదో ఒక గ్రామంలో తహసీల్దారు, ఎస్సై కలిసి జరిపే సభ అది. చాలాచోట్ల టెంటు, ప్రసంగం, సామూహిక చాయ్‌తో ముగిసిపోతుంది. మీ ఊళ్లో పెట్టమని ముందుగానే తహసీల్దారుకు రాతపూర్వకంగా కోరండి. సభలో అర్జీ చదివి వినిపించి, రసీదు తీసుకోండి. అక్కడే అధికారుల సమక్షంలో ఆ హోటల్లో, ఆ కుర్చీలో మార్పు వస్తే మంచిదే. రాకపోతే ఆ రసీదు మీ కేసుకు తొలి కాగితం అవుతుంది. స్టేషన్‌లో "మీరూ మీరూ కూర్చొని మాట్లాడుకోండి" అని ఉత్త చేతులతో పంపిస్తే, ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి ఈ విషయంలో విధిని కావాలని నిర్లక్ష్యం చేయడం 1989 చట్టంలోని 4వ సెక్షన్ కింద తానే ఒక నేరమని గుర్తుచేయండి. దేశమంతటికీ పనిచేసే 14566 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా అది వెతుక్కుంటూ మీ జిల్లాకే వస్తుంది.

ప్రశ్న: పై సమస్యే మా ఊళ్లోనూ ఉంది. కానీ మేము రెండు తరాలుగా చర్చికి వెళుతున్నాం. మీకు అట్రాసిటీ కేసు వర్తించదని అంటున్నారు. నిజమేనా? (గుంటూరు ప్రాంతం నుంచి)

జవాబు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి మారినవారు 1989 చట్టం రక్షణ కోరలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. మతం మారినా టీ కొట్టు ముందు కులం మారలేదన్న మీ బాధ నాకు అర్థమవుతోంది. ఇక్కడ 1955 చట్టాన్ని మరిచిపోవద్దు. దాని 4వ, 6వ సెక్షన్లు "ఏ వ్యక్తికైనా" అని మాట్లాడతాయి, ఎస్సీ హోదా ఉండాలని అనవు. కాకపోతే 12వ సెక్షన్‌లోని అనుకూలమైన ఊహ ఎస్సీలకే పరిమితం కనుక, నిరాకరణకు కారణం అంటరానితనమేనని సాక్ష్యంతో చూపవలసిన బాధ్యత మీదవుతుంది. అదే వాడలో చర్చికి వెళ్లనివారిని కూడా అదే తీరున వెనక్కి పంపుతున్నారని చూపగలిగితే ఆ పని తేలికవుతుంది.

ప్రశ్న: నేను కర్నూలులో ఉపాధ్యాయినిని. వేసవి సెలవుల్లో పిల్లలతో ఒక కొండ ప్రాంతానికి వెళ్లాం. యాప్‌లో డబ్బు కట్టి రెండు రోజులకు గది తీసుకున్నాం. కౌంటర్లో కుర్రాడు మొదట నవ్వుతూ రిజిస్టరు ఇచ్చి, మా వారి ఆధార్ కార్డు మీద పేరు చూశాక లోపలికి వెళ్లి వచ్చి, గదులన్నీ నిండిపోయాయన్నాడు. మా వెనకాల వచ్చిన కుటుంబానికి మా కళ్ల ముందే తాళం చెవి ఇచ్చాడు. పిల్లలు "అమ్మీ, మనకెందుకు ఇవ్వలేదు" అని అడుగుతుంటే చెప్పలేకపోయాను. డబ్బు వాపసు వచ్చింది. ఇంతటితో మరిచిపోమని అందరూ అంటున్నారు.

జవాబు: మరిచిపోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. మరిచిపోనక్కరలేదని మాత్రం చెప్పగలను.

రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వానికి ఎదురుగా నిలబడేవి. 15వ అధికరణంలోని రెండో ఖండం అలాంటిది కాదు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతోనే ఏ పౌరుడికీ దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాల్లో ప్రవేశం విషయంలో ఆంక్ష ఉండరాదని అది చెబుతుంది. దేశంలోని దుకాణాలు, హోటళ్లు నడిపేది ప్రధానంగా ప్రైవేటు వ్యక్తులే కనుక, ఆ మాట నేరుగా యజమానినే కట్టడి చేస్తోంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఈ నిబంధన చర్చకు వచ్చినప్పుడు దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. లోపలికి అడుగుపెట్టనివ్వడం అన్న చిన్న అర్థంలో ఆ పదం వాడలేదని, అడిగివచ్చిన ఎవరికైనా తన సేవ అందించడానికి సిద్ధపడి తెరిచి ఉంచిన చోటు ఏదైనా దుకాణమేనని డాక్టర్ అంబేడ్కర్ వివరించారు. వైద్యుడి గది, వకీలు గది కూడా వస్తాయా అంటే, వస్తాయన్నారు. ఆ విశాలమైన అర్థాన్నే ఆధారం చేసుకొని 2011లో ఒక వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఈ ఖండం కిందికి వస్తాయని చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి.

ఇక్కడే ఒక పెద్ద లోటు ఉంది, మీ దగ్గర దాచను. అంటరానితనానికి శిక్ష చెప్పే చట్టం ఉంది. మతం పేరు మీద గది ఇవ్వనన్న లాడ్జి యజమానికి ఇంత శిక్ష అని చెప్పే చట్టాన్ని మాత్రం పార్లమెంటు ఈ 70 ఏళ్లకు పైగా కాలంలో చేయలేదు. ముస్లింల స్థితిగతులపై 2006లో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. ఆచార్య మాధవ మీనన్ నాయకత్వంలోని బృందం 2008లో ముసాయిదా కూడా తయారుచేసింది. అది చట్టం కాలేదు. అందువల్ల పోలీసు స్టేషన్‌కు వెళితే "ఏ సెక్షన్ కింద రాయమంటారు" అని అడుగుతారు, ఆ ప్రశ్నలో కొంత నిజం ఉంది.

మీకున్న దారి వినియోగదారుల కమిషన్. మీరు ముందే డబ్బు కట్టారు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు వినియోగదారు. ఖాయం చేసిన గదిని కారణం లేకుండా నిరాకరించడం సేవా లోపం. డబ్బు వాపసు వచ్చినంత మాత్రాన ఆ లోపం చెరిగిపోదు. రాత్రి పూట పిల్లలతో మరో బస వెతుక్కున్న ఖర్చుకూ, పడ్డ అవమానానికీ పరిహారం అడగవచ్చు. ఆ కొండ ఊరికి తిరగనక్కరలేదు. ఈ చట్టం ప్రకారం మీరు నివసించే చోటనే, అంటే కర్నూలు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షలు మించకపోతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. లాడ్జినీ యాప్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. బుకింగ్ ఖాయమైన సందేశం, రద్దు సందేశంలో రాసిన కారణం, వాపసు వచ్చిన సమయం, ఆ రాత్రి అదే లాడ్జి యాప్‌లో ఖాళీ గదులు చూపిస్తున్నట్టు ఎవరైనా తీసిన స్క్రీన్‌షాట్ ఉంటే అది, అన్నీ జతచేయండి. ఫిర్యాదులో 15(2) అధికరణాన్ని తప్పక ప్రస్తావించండి. సేవా లోపం మామూలు నిర్లక్ష్యం వల్ల జరగలేదని, అందువల్లే పరిహారం ఎక్కువ ఉండాలని చెప్పడానికి అది పనికివస్తుంది. ముందుగా 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెబితే యాప్ సంస్థ నుంచి రాతలో ఒక సమాధానమైనా వస్తుంది. ఇలాంటి కేసుల్లో ఎదుటివారు రాతలో ఇచ్చే అబద్ధం చాలా విలువైనది.

ప్రశ్న: "ప్రవేశ హక్కు యాజమాన్యానిదే" అని హోటళ్లలో బోర్డు పెడతారు కదా, దానికి చట్టంలో విలువ ఉందా? (విజయవాడ)

జవాబు: తాగి గొడవ చేసేవాడిని, బిల్లు కట్టనివాడిని, మూసే వేళకు వచ్చినవాడిని పంపేయడానికి ఆ బోర్డు అవసరమే లేదు. మతమో కులమో పుట్టిన ప్రాంతమో చూసి పంపేయడానికి ఆ బోర్డు సరిపోదు. 2014లో బెంగళూరులో జపాన్ అతిథులకే సేవలందిస్తూ భారతీయులను లోపలికి రానివ్వని ఒక హోటల్‌ను నగరపాలక సంస్థ మూయించింది. అందరికీ ఒకే తీరున వర్తించే నియమం వేరు. శాకాహారమే వండుతామన్నా, బయటి తిండి తేవద్దన్నా అది వివక్ష కాదు. స్థానికులకు గది ఇవ్వమనే లాడ్జిల నియమం చిరాకు పుట్టించేదే అయినా, ఉంటున్న ఊరు వేరు, పుట్టిన చోటు వేరు కాబట్టి 15వ అధికరణం దాకా పోదు.

దుస్తుల నియమాలు మాత్రం జాగ్రత్తగా చూడవలసినవి, ఎందుకంటే అవి పైకి అందరికీ ఒకటే అయినా ఎవరిని ఆపుతాయో పెట్టినవారికి తెలుసు. పంచె కట్టుకొచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని చెన్నైలో ఒక క్లబ్బు లోపలికి రానివ్వకపోతే, తమిళనాడు శాసనసభ 2014లోనే దాని మీద ప్రత్యేక చట్టం చేసింది. 2017లో ఢిల్లీలో ఒక క్లబ్బు సంప్రదాయ జైన్‌సెమ్ కట్టుకున్న మేఘాలయ ఖాసీ మహిళను భోజనాల బల్ల దగ్గరి నుంచి లేపి, పనిమనిషిలా ఉన్నారంటూ వెళ్లిపొమ్మంది. న్యాయమూర్తికి జరిగితే చట్టం వచ్చింది, ఆమెకు జరిగితే విచారం వ్యక్తం చేశారు. ఈశాన్య రాష్ట్రాలవారికి దుకాణాల్లో ఎదురయ్యే ఎకసెక్కం ఎంత దూరం పోగలదో అప్పటికే దేశానికి తెలుసు. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్‌నగర్‌లో దారి అడగడానికి ఒక దుకాణం దగ్గర ఆగిన అరుణాచల్ విద్యార్థి నిడో తానియాను జుట్టు చూసి హేళన చేయడంతో మొదలైన గొడవ, దెబ్బలు తిన్న అతని మరణంతో ముగిసింది. ఆ తర్వాత వేసిన బెజ్‌బరువా కమిటీ జాతి వివక్ష మీద కఠినమైన చట్టం కావాలని సిఫారసు చేసింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఫ్లాట్ కోసం తిరుగుతున్నాం. ఫోన్లో ఖాళీ ఉందన్నవారు పేరు చెప్పగానే "ఓనరు వెజిటేరియన్లకే ఇస్తారట" అంటున్నారు. మేము ఇంట్లో మాంసం వండమని రాసిస్తామన్నా ఒప్పుకోలేదు. కేసు వేయవచ్చా?

జవాబు: ఆ రాసిచ్చే మాటకు కూడా ఒప్పుకోలేదంటే అడ్డు మాంసం కాదని తేలిపోయింది. కానీ చెప్పడానికి నాకు సంతోషంగా లేని జవాబు ఇది: ఒక వ్యక్తి తన ఇంటిని అద్దెకివ్వడం దుకాణం నడపడం కాదని కోర్టులు చూసే అవకాశమే ఎక్కువ. పార్సీలకే సభ్యత్వం అన్న గృహ సహకార సంఘం నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు పాతబడాలని కోరుకునేవారిలో నేనూ ఒకడిని. మీరు షెడ్యూల్డ్ కులానికి చెందినవారైతే 1955 చట్టం కొంత ఆసరా ఇస్తుంది. మతం వల్ల అయితే ఇంటి యజమానిని కోర్టుకు లాగే దారి ఇప్పటికి సన్నగా ఉంది. అయితే హాస్టళ్లు, సర్వీస్ అపార్ట్‌మెంట్లు, రోజువారీ అద్దెకు యాప్‌లో పెట్టే గదులు వ్యాపారం కిందికి వస్తాయి కాబట్టి, వాటి విషయంలో పై కర్నూలు పాఠకురాలికి చెప్పిన దారి మీకూ ఉంది.

ప్రశ్న: నేను జాతీయ రహదారి పక్కన చిన్న హోటల్ నడుపుతున్నాను. వంటవాళ్లలో ఇద్దరు ముస్లింలు, ఒకరు ఒడిశా కుర్రాడు. ఈ మధ్య కొందరు గిరాకీలు వంట ఎవరు చేస్తారని అడిగి లేచి వెళుతున్నారు. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఫలానా హోటల్‌కు వెళ్లవద్దని కూడా పెట్టారు. బయట బోర్డు మీద పనివాళ్ల పేర్లు రాయాలని ఒకరు బెదిరించారు. రాయాలా?

జవాబు: రాయనక్కరలేదు. ఆహార భద్రతా చట్టం కింద మీరు తీసుకున్న లైసెన్సునో రిజిస్ట్రేషన్‌నో గిరాకీకి కనబడేచోట పెట్టాలి. వండేవారి పేర్లు పెట్టమని ఆ చట్టం అడగదు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కావడి యాత్ర దారి పొడవునా హోటళ్లు యజమానుల, పనివాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలని పోలీసులు ఆదేశిస్తే, జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏ రకం ఆహారం వడ్డిస్తున్నారో రాయమని చెప్పవచ్చు కానీ, పేర్లు రాయమని ఒత్తిడి చేయకూడదంది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి మదనపల్లె ప్రాంతంవారు. కేరళలో పనిచేసినప్పుడు ఒక ముస్లిం నడిపే శాకాహార హోటల్‌కే తాను వెళ్లేవాడినని, శుభ్రత అక్కడ బాగుండేదని విచారణలో చెప్పారు.

లేచి వెళ్లే గిరాకీని మీరు ఆపలేరు. 15వ అధికరణం దుకాణదారుణ్ని కట్టడి చేస్తుంది, కొనేవాడు ఏ గడప తొక్కాలో చెప్పదు. కానీ వాట్సాప్ సందేశం సంగతి వేరు. ఒక మతం వారు లేదా ఒక ప్రాంతం వారు అయినందువల్ల వారికి పౌరులుగా ఉన్న హక్కులు ఉండకూడదని ప్రచారం చేయడం భారతీయ న్యాయ సంహితలోని 197వ సెక్షన్ కింద, వర్గాల మధ్య ద్వేషం పెంచడం 196వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరాలు. సందేశంలో సరిగ్గా ఏం రాశారన్నదే ఇక్కడ ముఖ్యం. "అక్కడ తినను" అనడం అభిప్రాయం. "వాళ్లను ఇక్కడ బతకనివ్వకూడదు" అనడం నేరం. పంపినవారి నంబరు, తేదీ కనబడేటట్టు భద్రపరచండి, తొలగించకండి. వ్యాపారి చేసినా ఇదే వరస: తమ దగ్గర ముస్లిం పనివాళ్లు లేరని 2020 మేలో ప్రకటన ఇచ్చిన చెన్నై బేకరీ యజమానిని పోలీసులు అరెస్టు చేశారు.

మరొక మాట. యాప్‌లో ఆర్డరు పెట్టి ఫలానా మతం కుర్రాడు తేవద్దని రాసేవారు హైదరాబాద్‌లోనూ 2019 నుంచే వార్తలకెక్కారు. అలాంటి సూచన వస్తే పాటించకండి. పాటించిన క్షణం నుంచి ఆ తప్పు గిరాకీది కాకుండా మీదవుతుంది.

ప్రశ్న: మేము అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటాం. మా పాప ఓణీల ఫంక్షన్‌కు మనవాళ్లే నడిపే ఒక హాలు అడిగాం. ఇంటిపేరు, ఊరు, మేనత్త వాళ్లు ఎవరు అని అడిగి అడిగి, చివరికి ఆ తేదీ ఖాళీ లేదన్నారు. మా స్నేహితులకు అదే తేదీకి ఇచ్చారు. ఇక్కడ కూడా చట్టం ఉందా?

జవాబు: ఉంది, కానీ హాలు ఏ ఊరి హద్దులో ఉందో ముందు చూసుకోవాలి. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కులాన్ని వివక్షకు నిషిద్ధ కారణాల్లో ఒకటిగా చేర్చింది. ఉద్యోగం, ఇల్లు మాత్రమే కాకుండా హోటళ్లు, దుకాణాల వంటి ప్రజలందరికీ తెరిచిన చోట్లు కూడా అందులో ఉన్నాయి. నగర పౌర హక్కుల కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. అయితే మనవాళ్లు ఎక్కువగా ఉండే బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వేరే నగరాలు, వాటికి సియాటిల్ శాసనం వర్తించదు. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన కుల వివక్ష బిల్లును కూడా అక్కడి గవర్నరు 2023 అక్టోబరులో తిరస్కరించారు.

హాలు సియాటిల్ హద్దులో లేకపోతే రాష్ట్ర చట్టం కింద ప్రయత్నించాలి. వాషింగ్టన్ రాష్ట్ర వివక్ష నిరోధక చట్టంలో కులం పేరు విడిగా లేదు. మతం, జాతి, పూర్వీకుల దేశం ఉన్నాయి. కులాన్ని వంశమూలంలో భాగంగా వాదించడానికి వీలుంది. అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే, జాతి వివక్షపై ఉన్న పాత సమాఖ్య చట్టం వంశమూలం ఆధారంగా చేసే వివక్షకూ వర్తిస్తుందని చెప్పింది. 1964 నాటి పౌర హక్కుల చట్టం గురించి మనవాళ్లు ఎక్కువ విన్నా, అది హోటళ్లు, భోజనశాలలు, సినిమా హాళ్ల వంటి కొన్ని చోట్లకే పరిమితం. మామూలు దుకాణాలు దాని జాబితాలో లేవు, పైగా వ్యక్తిగా మీరు దాని కింద పరిహారం రాబట్టలేరు. కాబట్టి ఆ చట్టం పేరు పట్టుకొని వకీలు దగ్గరికి వెళ్లడం కంటే, మీకూ హాలువారికీ మధ్య నడిచిన సందేశాలు, మీ స్నేహితులకు తేదీ ఇచ్చినట్టు చూపే ఒప్పందం తీసుకొని వెళ్లండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఆరు నెలల గడువే ఉంటుంది. మీరు హాలు అడిగిన తేదీ నుంచి లెక్కవేసుకోండి.